రేకుల షెడ్డులో రేడియో

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని కార్యదర్శి గారు కోరారు. ఫర్నేసుల గురించి, ఉత్పత్తి రికార్డుల గురించి నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి 2011లో పదవీ విరమణ చేసినవాడిని. మీటర్లు, కేబుళ్లు, సిగ్నళ్లు ఇవే నా లోకం. అందుచేత ఒక సిగ్నల్ కథనే మీ ముందు ఉంచుతున్నాను.

2005 నుంచి 2009 వరకు మన ఊళ్లో కొందరు ఉద్యోగులు విరామ సమయాల్లో శాటిలైట్ రేడియో వినాలని చాలా ప్రయత్నం చేశారు. ఆకాశం నిండా ఉన్న ఆ సిగ్నల్ మన రేకుల షెడ్డులోకి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదన్నది చెప్పాలంటే, అంతకు ముందు రేడియో అన్నది మన పనిచోట్లకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి.

గేటు ఎదుటి రేడియో

మన ఓడరేవులోకి 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ వచ్చింది. అదే మొదటిది. ఆ సంవత్సరం డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించారు. మా నాన్నగారు 1940లలో అక్కడ కూలీగా చేరి క్రేను మీదకు ఎక్కినవారు. అప్పట్లో పనివాడికి రేడియో అంటే గేటు ఎదుట టీ దుకాణంలో ఉన్నదే. ఇంట్లో రేడియో ఉండాలంటే సెట్టు కొనడంతో సరిపోయేది కాదు, ఏటా పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు కట్టాలి. ఆ లైసెన్సు పుస్తకం రేషను కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉండేది. 1980ల మధ్యకు గాని ఆ బెడద పూర్తిగా పోలేదు. ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు.

విశాఖకు సొంత రేడియో కేంద్రం వచ్చింది 1963లో. అప్పటికి నాకు పన్నెండేళ్లు. అంతకు ముందు మనం విన్నది 1938లో మొదలైన మద్రాసు కేంద్రం, 1948లో మొదలైన విజయవాడ కేంద్రం. పగటిపూట విజయవాడ లీలగా వినబడేది. రాత్రి అయితే కాస్త దగ్గరకు వచ్చినట్లుండేది. విశాఖ కేంద్రం వచ్చాక పగలు, రాత్రి తేడా పోయింది. టీ దుకాణం రేడియో గేటు లోపలికి కూడా వినబడేదని నాన్నగారు మురిసిపోయేవారు. భోజనం బెల్లు కొట్టగానే టిఫిన్ క్యారియర్లు పట్టుకుని గోడ వెంబడి వరుసగా కూర్చునేవారట. అక్కడైతే పాట వినబడుతుందని!

ఉక్కు వార్త వచ్చింది కూడా రేడియోలోనే

1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' ఉద్యమం జరిగినప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. టి. అమృతరావు గారు నిరాహార దీక్ష చేసిన రోజుల్లోను, నవంబరు 1న కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన తరువాతను ఊరంతా రేడియో చుట్టూనే ఉంది. మరునాడు వచ్చే పేపరు కోసం ఆగే ఓపిక ఎవరికీ లేదు.

1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ గారు విశాఖలో ఉక్కు కర్మాగారం నెలకొల్పుతామని పార్లమెంటులో ప్రకటించారు. పాత ఊళ్లో మా వీధిలో ఆ వార్త విన్నది కూడా రేడియోలోనే. ఢిల్లీ నుంచి తెలుగులో వార్తలు చదివిన అద్దంకి మన్నార్, ఏడిద గోపాలరావు గార్ల వంటివారి గొంతులు మనకు ఇంటి మనుషుల గొంతులంత పరిచయం. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. మొదటి బ్లాస్టు ఫర్నేసు 'గోదావరి' 1990లో వెలిగింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మన తరంవారిలో చాలామంది బతుకు తెరువుకు తొలి కబురు తెచ్చింది ఒక చెక్క పెట్టె రేడియో అన్నమాట.

రెస్టు రూము ట్రాన్సిస్టరు

1980ల మధ్య నేను ఉద్యోగంలో చేరేనాటికి ట్రాన్సిస్టర్లు చవకయ్యాయి. పని జరిగే చోట రేడియో పెట్టడానికి వీలు లేదు. అది సరైన నియమమే. పైన క్రేను కదులుతున్నప్పుడు దాని సైరను వినబడకపోతే మనిషి మిగలడు. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని షాపులో తిరిగేవాడిని ఏ ఫోర్‌మన్ కూడా క్షమించేవాడు కాదు. అందుచేత రేడియో స్థానం రెస్టు రూము, టీ తాగే పావుగంట. నైటు షిఫ్టులో రెండున్నర, మూడు గంటల వేళ నిద్ర ముంచుకు వచ్చేటప్పుడు, ఎక్కడో పట్టుబడిన హిందీ పాట ఒకటి వినబడితే ప్రాణం లేచి వచ్చేది.

ఆ రేడియో సవ్యంగా వినబడేదని అనుకోకండి. ఇనుప స్తంభాలు, రేకుల కప్పు, పెద్ద మోటార్లు, క్రేను కలెక్టర్ల దగ్గర లేచే నిప్పురవ్వలు – ఇవన్నీ మీడియం వేవ్‌కు శత్రువులు. మోటారు స్టార్టయితే 'గర్ర్' మని శబ్దం. పాట దాని వెనుక నుంచి వచ్చేది. సెట్టును తిప్పి తిప్పి కిటికీ ఊచకు ఆనించి, ఒక కోణంలో నిలబెట్టేవాళ్లం. లోపల ఉండే ఫెర్రైటు కడ్డీ స్టేషనుకు అడ్డంగా ఉంటే బాగా అందుకుంటుందని అందరికీ తెలియకపోయినా, ఏ గోడకు ఏ మూలన పెట్టాలో మాత్రం అటెండరుతో సహా అందరికీ తెలుసు. అక్కడ సుద్దముక్కతో గుర్తు కూడా ఉండేది.

షార్ట్ వేవ్‌ది మరొక రకం. రేడియో సిలోనులో మీనాక్షి పొన్నుదురై గారు వినిపించిన తెలుగు పాటలు మరచిపోయినవారు మనలో ఉండరు. ఆ కెరటాలు పై వాతావరణంలోని అయనావరణానికి తగిలి కిందికి వచ్చేవి. అందుకే పాట దగ్గరకు వచ్చి, దూరంగా పోయి, మళ్లీ వచ్చేది. పల్లవి వినబడి చరణం పోయినా మన మనసు దాన్ని పూరించుకునేది.

కొత్త ఉపగ్రహం, కొత్త ఆశ

2000 మార్చి 21న దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్టు ఒకటి లేచింది. మన గడియారం ప్రకారం అప్పటికి 22వ తేదీ తెల్లవారుజాము. అందులో రెండు ఉపగ్రహాలు ఉన్నాయి. ఒకటి మన ఇన్సాట్-3బి. రెండవది ఏషియాస్టార్. అది వరల్డ్‌స్పేస్ అనే అమెరికా సంస్థది. ఆ సంస్థను 1990లో స్థాపించినవారు ఆడిస్ అబాబాలో పుట్టిన నోవా సమారా. ఆఫ్రికాలో ఎయిడ్స్ వ్యాధి గురించి సరైన సమాచారం పల్లెలకు చేరడం లేదన్న బాధ నుంచి ఆయనకు ఈ ఆలోచన పుట్టిందంటారు. 1998లో ఆఫ్రికా కోసం ఆఫ్రిస్టార్, ఆ వెనుక ఆసియా కోసం ఈ ఏషియాస్టార్ పైకి వెళ్లాయి.

మనకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. తెలుగు పాటలకు 'స్పందన', కర్ణాటక సంగీతానికి 'శ్రుతి', పాత హిందీ పాటలకు 'ఫరిష్తా'. రాత్రి, పగలు ఆగకుండా, గరగర లేకుండా వినవచ్చు. మొదట్లో చాలా ఛానళ్లు ఉచితంగానే వచ్చేవి. తరువాత చందా పద్ధతి పెట్టారు. ఎ.ఆర్. రెహమాన్ ప్రచారకర్తగా వచ్చాక పేపర్లలో, టీవీలో దాని పేరు మార్మోగింది.

మా సెక్షనులో మొదట కొన్నది నాకంటే మూడేళ్లు పెద్దవారైన ఒక సీనియరు టెక్నీషియను గారు. మంచి సంగీత జ్ఞానం ఉన్న మనిషి. త్యాగరాయ కీర్తన ఏది మొదలుపెట్టినా రాగం చెప్పేవారు. రిటైరయ్యే లోపు నైటు షిఫ్టుల్లో అయినా కచేరీలు వినాలని ఆయన కోరిక. ఎరియర్సు డబ్బు రాగానే హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక సెట్టు తెచ్చుకున్నారు. "ఇంట్లో అయినా, ఆఫీసులో అయినా బ్రహ్మాండంగా వస్తుంది సార్" అని దుకాణంవాడు చెప్పి పంపాడట.

షెడ్డులో మా ప్రయోగాలు

సెట్టుతో పాటు అరచేయంత పలక ఒకటి వచ్చింది. అదే యాంటెన్నా. దాన్ని సెట్టు నుంచి విడదీసి, తీగతో కిటికీ దగ్గర పెట్టుకోవచ్చు. తెర మీద సిగ్నల్ గీతలు కనబడతాయి. రెస్టు రూములో బల్ల మీద పెడితే గీత ఒక్కటి కూడా లేదు. కిటికీ దగ్గర పెడితే ఒకటి మెరిసి ఆరిపోయింది. మా కిటికీ ఉత్తరం వైపు. ఉపగ్రహమేమో భూమధ్యరేఖకు పైన, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిచి ఉంటుంది. విశాఖ నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, సముద్రం మీద, నేలకు సుమారు 58 డిగ్రీల ఎత్తున ఉన్నట్లు లెక్క. అంటే మా యాంటెన్నాకు, దానికి మధ్య ఒక మొత్తం షెడ్డు ఉంది.

ఇక ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు ఊరుకుంటారా? పలకను బయట ఆగ్నేయం గోడకు బిగిద్దామన్నారు ఒకరు. బిగించాం. అక్కడి నుంచి గదికి పాతిక మీటర్ల తీగ కావాలి. ఆ పౌనఃపున్యంలో మామూలు కేబులులో సిగ్నల్ దారిలోనే హరించుకుపోతుంది. మధ్యలో యాంప్లిఫయరు ఉండాలి. అది మా దగ్గర లేదు. చివరకు తేలిందేమిటంటే, షెడ్డు వదలి ఖాళీ స్థలంలో సైకిలు స్టాండు దగ్గర నిలబడితే మాత్రం గీతలన్నీ నిండుగా వచ్చి, మృదంగం మీద వేలు పడిన చప్పుడు కూడా స్పష్టంగా వినబడేది. పావుగంట టీ విరామంలో ఐదు నిమిషాలు అక్కడికి నడక, ఐదు నిమిషాలు తిరుగు నడక. మిగిలిన ఐదు నిమిషాల్లో ఆలాపన కూడా పూర్తి కాదు కదా!

పోర్టులో పనిచేసే మా బావమరిది కూడా ఒక సెట్టు కొన్నాడు. "బావా, మా దగ్గర గంట కొట్టినట్టు వస్తోంది" అని ఫోను చేశాడు. అవుటర్ హార్బరు వైపు ఆగ్నేయం అంతా సముద్రం, ఆకాశం. అడ్డేముంది? మూడు రోజుల తరువాత మళ్లీ ఫోను చేశాడు. పక్కన పెద్ద ఓడ కట్టారట. ఆ ఓడ వెళ్లేవరకు రేడియో మూగపోయింది.

ఎందుకు వినబడలేదు?

దీనికి కారణం ఆ సెట్టు నాసిరకం కావడం కాదు. మూడు సంగతులు ఉన్నాయి.

మొదటిది బలం. మన ఆకాశవాణి విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మీద 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరుతో పలికిన రోజుల్లో, అది ఊరి పక్కనే ఉండి పలికినట్లు. రేకుల షెడ్డు దాన్ని కూడా బాగా తగ్గించేది. కాని తగ్గగా మిగిలిందే మన ట్రాన్సిస్టరుకు సరిపోయేది. ఉపగ్రహం ఉన్నది సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున. అక్కడి నుంచి సగం ఖండం మీద చల్లిన సిగ్నల్ మనదాకా వచ్చేసరికి అతి పల్చనిది. అందులో తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు.

రెండవది కెరటం పొడవు. 927 కిలోహెర్ట్జ్ కెరటం పొడవు 320 మీటర్ల పైమాటే. అది డాల్ఫిన్స్ నోస్ కొండనయినా, యారాడ కొండలనయినా ఒరుసుకుంటూ వంగి అవతలికి పోగలదు. ఏషియాస్టార్ వాడిన ఎల్-బ్యాండు కెరటం పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు. అది గీత గీసినట్లు తిన్నగా వస్తుంది. దారిలో గోడ ఉన్నా, దట్టమైన చెట్టు ఉన్నా ఆగిపోతుంది. వాన మాత్రం దానికి పెద్ద అడ్డు కాదు. ఇంటి మీది డీటీహెచ్ గొడుగు జడివానలో బొమ్మ పోగొడుతుంది గాని, ఎల్-బ్యాండుకు ఆ చిక్కు తక్కువ.

మూడవది డిజిటల్ గుణం. పాత రేడియో సిగ్నల్ తగ్గేకొద్దీ గరగర పెరిగేది. అయినా మాట అర్థమయ్యేది. డిజిటల్ రేడియోలో అయితే ఉంటే పూర్తిగా ఉంటుంది, ఒక మెట్టు కిందికి దిగితే నిశ్శబ్దమే. లీలగా వినడమన్నది అందులో లేదు. మనసు పూరించుకోవడానికి అది పల్లవి కూడా మిగల్చదు.

దీనికి మందు లేదా అంటే ఉంది. అమెరికాలో 2001లో ఎక్స్‌ఎం, 2002లో సిరియస్ అనే శాటిలైట్ రేడియోలు మొదలయ్యాయి. అక్కడ పెద్ద నగరాల్లో నేల మీద రిపీటర్లు పెట్టారు. ఉపగ్రహం నుంచి వచ్చినదాన్ని అవి అందుకుని, బలం చేర్చి, భవనాల మధ్యకు పంపుతాయి. మన దేశంలో శాటిలైట్ రేడియో మీద ట్రాయ్ 2005లోనే సిఫార్సులు చేసింది. అయినా అటువంటి రిపీటర్లు ఊరూరా వచ్చే ఏర్పాటు జరగలేదు.

పల్లెలో పాడింది

ఆ సీనియరు గారు 2008లో రిటైరయ్యారు. ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి విజయనగరం జిల్లాలో సొంత ఊరికి వెళ్లిపోయారు. ఆ ఊళ్లో ఎఫ్.ఎం. అందదు. కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు. ఒకసారి నేను వెళ్లినప్పుడు చూద్దును కదా, పెరట్లో మంచం, మంచం మీద ఆయన, గోడ మీద ఆగ్నేయానికి తిప్పిన పలక, 'శ్రుతి'లో కచేరీ. "ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో ఉన్నా వినలేకపోయింది ఈ పల్లెలో వింటున్నానయ్యా" అన్నారు. ఆ మాటలో దిగులు లేదు. కర్మాగారంలో చేరలేనిది పల్లెకు చేరింది. నోవా సమారా మొదట తలచినది కూడా అదే కదా అని నాకు అనిపించింది.

కాని ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. వరల్డ్‌స్పేస్ సంస్థ 2008 అక్టోబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. 2009 డిసెంబరు 31తో మన దేశంలో సేవ నిలిచిపోయింది. చందా గడువు మిగిలి ఉన్నవారి సెట్లు కూడా ఆ రోజుతో మూగపోయాయి. ఉపగ్రహం ఆకాశంలోనే ఉంది, యాంటెన్నా గోడ మీదనే ఉంది, మధ్యలో పాట లేదు. మీడియం వేవ్ సెట్టు అయితే ఒక స్టేషను పోయినా మరొకటి పట్టుకునేది. ఈ సెట్టు ఒకే సంస్థను నమ్ముకుని తయారైనది. ఆ సంస్థ లేకపోతే అది ఉత్త పెట్టె.

నేల మీద అందుకునేవాడు ఉండాలి

నలభై ఏళ్లు సిగ్నళ్లతో బతికిన నాకు ఈ చరిత్రలో ఒక విషయం బలంగా కనబడుతుంది. మనం ఉపగ్రహం ద్వారా రేడియో వినడం 2000లో మొదలు కాలేదు. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్లిన తరువాత ఆకాశవాణి కేంద్రాలు ఢిల్లీ కార్యక్రమాలను ఉపగ్రహం ద్వారా అందుకోసాగాయి. అంతకు ముందు షార్ట్ వేవ్‌లో పట్టి రిలే చేసినప్పుడు వచ్చే ఒడిదుడుకులు తగ్గాయి. అంటే 1980లలోనే మన రెస్టు రూము ట్రాన్సిస్టరులో వినబడిన ఢిల్లీ వార్తలు కూడా ఉపగ్రహం మీదుగా వచ్చినవే. కాకపోతే మధ్యలో మన ఊరి కేంద్రం ఉంది. అది పైనుంచి వచ్చినదాన్ని పెద్ద గొడుగుతో అందుకుని, మీడియం వేవ్‌లోకి మార్చి, కొండలు దాటించి, రేకుల షెడ్డు కిటికీ దాకా తెచ్చి ఇచ్చింది. ఆ మధ్యవర్తి లేనప్పుడు అదే ఆకాశం మనకు అందలేదు.

ఈనాడు సెల్‌ఫోనులో ఆకాశవాణి వింటున్నాం. ఇంటి దగ్గర డీడీ ఫ్రీ డిష్ ఉన్నవారికి టీవీలోనే రేడియో ఛానళ్లు వస్తున్నాయి. సెల్‌ఫోనులో వినబడేది కూడా నేల మీద టవర్లు, కేబుళ్లు ఉండబట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగపోయాయి. పక్క వీధిలో పిల్లలు క్షేమమో కాదో తెలుసుకోవడానికి చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్లాము. అప్పుడు నాకు గుర్తు వచ్చింది రెస్టు రూము గోడ మీది సుద్దముక్క గుర్తు. సిగ్నల్ ఎంత గొప్పదన్నది కాదు, కష్టకాలంలో మనం ఉన్నచోటికి వస్తుందా అన్నదే లెక్క. ఒక ఊరికి ఒకే దారి ఉండడం మంచిది కాదు. కొత్తది వచ్చిందని పాతదాన్ని పూర్తిగా తీసివేసే ముందు ఈ మాట ఆలోచించవలసిన బాధ్యత పెద్దల మీద ఉంది.

చివరగా సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్లలో అటకల మీద పాత వాల్వు సెట్లు, రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టర్లు, పోస్టాఫీసు లైసెన్సు పుస్తకాలు, ఆ శాటిలైటు పలకలు ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. సంఘం గదిలో ఒక బీరువా ఖాళీగా ఉంది. అక్కడ వరుసగా పెట్టి, ఏది ఏ సంవత్సరంలో కొన్నారో, ఏ షిఫ్టులో ఏమి విన్నారో ఒక చీటీ అంటించి ఉంచితే, మన మనుమలు, మనుమరాళ్లు చూస్తారు. కర్మాగారాల చరిత్రలో టన్నుల లెక్కలు ఎలాగూ ఉంటాయి. ఆ టన్నులు తీసిన మనుషులు టీ వేళ ఏమి విన్నారన్నది మనం చెబితేనే ఉంటుంది.